అంబాసిడర్ సైలెన్సర్ నుంచి నీళ్ళు: ఇంజిన్ దించాల్సిందేనా?

ప్రశ్న: మాది సెమిలిగుడ. నాన్నగారు 1983లో కొన్న అంబాసిడర్ మార్క్ ఫోర్, పెట్రోలు బండి. ఆయన పోయాక నేనే నడుపుతున్నాను. రోజూ బడికి నాలుగు కిలోమీటర్లు, నెలకు రెండుసార్లు సాలూరు. ఈ చలికాలం మొదలైనప్పటి నుంచి పొద్దున్నే స్టార్ట్ చేస్తే సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వస్తోంది, నీళ్ళు కారుతున్నాయి. సాలూరు నుంచి తిరిగొచ్చేటప్పుడు సుంకి ఘాటీలో వేడి ముల్లు పైకి పోతోంది. రెండు మూడు రోజులకోసారి రేడియేటర్‌లో అర లీటరు దాకా నీళ్ళు పోస్తున్నాను. ఆయిల్ పోసే మూత లోపల పసుపు మీగడలాంటిది పట్టింది. మెకానిక్ చూసి హెడ్ గాస్కెట్ పోయింది, ఇంజిన్ దించి బోరింగ్ కూడా చేయించేద్దాం అన్నాడు. ఇంకొకాయన థర్మోస్టాట్ తీసి పారేస్తే సరిపోతుందన్నారు. తమ్ముడైతే తుక్కుకి ఇచ్చేయమంటున్నాడు. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక ఉపాధ్యాయిని, కోరాపుట్ జిల్లా

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇప్పుడే ఇంజిన్ దించనివ్వకండి. దించాలో వద్దో మీ ఇంటి వాకిట్లోనే, పెద్దగా ఖర్చు లేకుండా, ఎనిమిది రోజుల్లో తేలిపోతుంది. అది తేలాక నిజంగా గాస్కెట్టే (సిలిండర్లున్న బ్లాకుకీ, దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కీ నడుమ ఉండే పల్చటి పొర) పోయిందని తెలిస్తే అప్పుడు దిగులు లేకుండా హెడ్ విప్పించుకోవచ్చు. రాయగడలో నలభై ఏళ్ళు ఈ బళ్ళ మీదే బతికినవాణ్ణి, ఆ ధైర్యంతో చెబుతున్నాను.

మీరు రాసినదాంట్లో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. పొద్దున సైలెన్సర్ నుంచి కారే నీళ్ళు ఒకటి. ఘాటీలో ఎక్కే వేడి ఇంకొకటి. రెండిట్లోనూ నీళ్ళు ఉన్నాయి కాబట్టి చూసినవాళ్ళెవరైనా రెండిటికీ ఒకే ముడి వేసేస్తారు. మీ మెకానిక్‌నీ తప్పు పట్టను. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పటి కుర్రాళ్ళ చేతికి ఈ ఇంజిన్ ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. తెల్ల పొగ, నీళ్ళు, వేడి అనగానే గాస్కెట్ అనుకోవడం సహజం.

ముందు సైలెన్సర్ సంగతి చూద్దాం. పెట్రోలు మండితే నీరు పుడుతుంది. పెట్రోలులో ఉన్న హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరి అవుతుంది. లీటరు పెట్రోలు పూర్తిగా మండితే దాదాపు లీటరు నీరు తయారవుతుంది. నమ్మబుద్ధి కాదు కానీ అది నిజం. ఆ నీరంతా ప్రతి బండి సైలెన్సర్ నుంచీ రోజూ పోతూనే ఉంటుంది, గొట్టం వేడిగా ఉంటే ఆవిరిగా పోతుంది కాబట్టి మన కంటికి కనబడదు. గొట్టం చల్లగా ఉంటే లోపలే నీళ్ళవుతుంది. ఎసరు గిన్నె మీద మూత తీస్తే లోపలి వైపు చెమట పట్టి ఉంటుంది చూడండి, అదే ఇది. పుష్యమాసంలో సెమిలిగుడ పొద్దు ఎలా ఉంటుందో నేను మీకు చెప్పక్కర్లేదు. పది డిగ్రీల కిందికి పోయిన రాత్రి వాకిట్లో నిలబడిన ఇనప గొట్టం, అందులోనూ ఇంజిన్‌కి అంత దూరాన వెనకాల ఉన్న సైలెన్సర్ డబ్బా, వేడెక్కాలంటే పదిహేను ఇరవై నిమిషాలు గట్టిగా నడవాలి. మీ బడి నాలుగే కిలోమీటర్లు. అది వేడెక్కేలోపు మీరు బండి ఆపేస్తున్నారు. సాయంత్రం మళ్ళీ అంతే. ఆ డబ్బా చలికాలమంతా తడిగానే ఉంటోంది.

ఆ నీళ్ళతో పాటు నల్లటి చుక్కలు నేల మీద పడుతుంటే కంగారు పడకండి. అది చోక్ లాగి స్టార్ట్ చేసినప్పుడు పట్టే మసి. దీనివల్ల ఇంజిన్‌కి ఏ హానీ లేదు, సైలెన్సర్‌కే లోపలి నుంచి తుప్పు. ఆదివారం ఒకసారి కోరాపుట్ దాకా, వీలైతే జయపురం దాకా నడిపి రండి. డబ్బా ఆరుతుంది.

మరి గాస్కెట్ పోయి రేడియేటర్ నీళ్ళు సిలిండర్‌లోకి దిగితే వచ్చే పొగ ఎలా ఉంటుంది? అది చిక్కగా ఉంటుంది, గాలిలో వెంటనే కరగదు, వెనక వచ్చే స్కూటర్ వాడికి దారి కనబడనంతగా వేలాడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, బండి బాగా వేడెక్కాక కూడా ఆగదు. సాలూరు వెళ్ళినప్పుడు, ఘాటీ దిగి రామభద్రపురం రోడ్డు ఎక్కాక ఒక చోట ఆపి, ఇంజిన్ నడుస్తుండగానే వెనక్కి వెళ్ళి చూడండి. పొగ కనబడకపోతే, గొట్టం అంచు పొడిగా ఉంటే, మీ పొద్దుటి నీళ్ళు పెట్రోలు నీళ్ళే. కూలెంట్ పోసిన బళ్ళలో పొగ తియ్యటి వాసన వేస్తుంది, దాన్ని బట్టి పోల్చుకుంటారు. మీరు ఉత్త నీళ్ళు పోస్తున్నారు కాబట్టి మీ బండికి ఆ పరీక్ష పనికిరాదు. వాసన రాలేదు కాబట్టి గాస్కెట్ బాగుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ఇంకో మాట. చలికి షెడ్డు తలుపులు వేసి లోపల ఇంజిన్ నడపవద్దు. ఆ తెల్ల పొగతో పాటు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. మనిషి నిద్రలోకి జారినట్టు జారిపోతాడు.

ఆయిల్ మూత కింద మీగడ కూడా చాలామటుకు ఈ చిన్న ప్రయాణాల ఫలమే. ఇంజిన్ లోపలి తేమ చల్లటి మూతకి పట్టి ఆయిల్‌తో చిలికినట్టు కలుస్తుంది. దాన్ని గుడ్డతో తుడిచేసి డిప్ స్టిక్ తీసి చూడండి. పుల్ల మీద ఆయిల్ ఆయిల్‌లా ఉంటే సరే. పాలు పోసిన టీ రంగులో ఉంటే మాత్రం స్టార్ట్ చేయవద్దు. అనుమానం పూర్తిగా తీరాలంటే, బండి రాత్రంతా నిలబడ్డాక పొద్దున చల్లగా ఉన్నప్పుడు, చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కింద ఆయిల్ దింపే బోల్టు మెల్లగా వదులు చేయించి మొదట వచ్చే చుక్కలు ఒక గాజు గ్లాసులో పట్టించండి. నీరు ఆయిల్ కన్నా బరువు కాబట్టి అడుగున చేరి ముందు అదే వస్తుంది. మొదటి చుక్కే ఆయిల్ అయితే చాంబర్‌లో నీళ్ళు చేరలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సైలెన్సర్ నుంచి ఎన్ని నీళ్ళు వస్తున్నాయన్నది పక్కన పెట్టండి. రేడియేటర్‌లో ఎన్ని తగ్గుతున్నాయి, ఎప్పుడు తగ్గుతున్నాయి, ఏ దారిన పోతున్నాయి, ఈ మూడే మనకి కావాలి. రోజూ ఉదయం, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, రేడియేటర్ మూత తీసి ఒక చీపురు పుల్ల నిలువుగా దించండి. మెడ అంచు నుంచి నీటి మట్టం దాకా ఎన్ని వేళ్ళు ఉందో చూసి నోటు పుస్తకంలో రాయండి. పక్కనే కిలోమీటరు అంకె, ముందు రోజు ఎక్కడికి వెళ్ళారో రాయండి. ఈ ఎనిమిది రోజులూ నీళ్ళు కలపకండి. మట్టం లోపలి గొట్టాల అంచు కిందికి పోయి అవి బయటపడితేనే కలపండి, అదీ కొలిచి, ఎంత పోశారో రాసుకుని.

ఇది ఎందుకంటే, మీ బండికి కొత్త కార్లలో ఉండే ప్లాస్టిక్ నీళ్ళ డబ్బా లేదు. మెడ పక్కన సన్నటి గొట్టం ఒకటి నేల వైపు వేలాడుతుంది, అంతే. చల్లని నీరు ఇరవై డిగ్రీల నుంచి తొంభై డిగ్రీలకు వేడెక్కితే లీటరుకు ముప్ఫై మిల్లీలీటర్ల పైనే ఉబ్బుతుంది. ఏడెనిమిది లీటర్లు పట్టే ఇంజిన్ అనుకుంటే పావు లీటరు. మీరు మెడ అంచుదాకా నింపిన ప్రతిసారీ ఆ పావు లీటరు గొట్టం దారిన రోడ్డు మీద పడుతుంది. మర్నాడు మూత తీసి చూస్తే తగ్గినట్టు కనబడుతుంది, మళ్ళీ నింపుతారు, మళ్ళీ పోతుంది. ఈ పాత రేడియేటర్లు అంచుకి ఒకటి రెండు వేళ్ళ కిందికి తమ మట్టం తామే చూసుకుని అక్కడ నిలబడతాయి. మీ నాన్నగారికి ఇది తెలిసే ఉంటుంది. ఆ కాలం డ్రైవర్లెవరూ నిండా పోసేవారు కాదు. మీరు రాసిన అర లీటరులో సగం లెక్క ఇక్కడే తేలిపోయే అవకాశం ఉంది.

మిగతా సగం ఎక్కడికి పోతోందో చూడాలి. రాత్రి బండి కింద ముందు వైపు పాత న్యూస్ పేపర్లు పరచండి. పొద్దున తడి మచ్చ ఎక్కడ పడిందో దాని పైన చూడండి. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. లోపలి సీలు అరిగితే నీళ్ళు దాంట్లోంచి కారి, ఎండి, తెల్లగానో పచ్చగానో పొక్కు కడతాయి. బ్లాకు పక్కన గుండ్రటి రేకు బిళ్ళలు బిగించి ఉంటాయి, తుప్పుకి అవి చిల్లులు పడతాయి. హోస్ పైపుల క్లిప్పుల దగ్గర కూడా చూడండి.

ఇక గాస్కెట్‌నే నేరుగా అడిగే పరీక్షలు. మొదటిది మీరే చేయొచ్చు. పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఒక నిమిషం లోపల రేడియేటర్ పై హోస్‌ని వేళ్ళతో నొక్కండి. ఫ్యాన్‌కి దూరంగా, చీర కొంగు బిగించి, జడ ముడి వేసుకుని మాత్రమే. నీళ్ళు ఇంకా చల్లగానే ఉన్నప్పుడు హోస్ మెత్తగా ఉండాలి. అప్పటికే బిర్రబిగిసిపోయి ఉంటే సిలిండర్ గాలి నీళ్ళలోకి వస్తోందన్నమాట. వేడి వల్ల ఒత్తిడి రావడానికి ఇంకా టైము కాలేదు కదా.

రెండోది మెకానిక్ చేత చేయించండి. ఫ్యాన్ బెల్టు తీసేయాలి, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌లోకి పోనివ్వని చిన్న తలుపు) మీద గిన్నె విప్పి థర్మోస్టాట్ బయటికి తీయాలి, ఆ గూటి అంచుదాకా నీళ్ళు నింపి ఇంజిన్ స్టార్ట్ చేయాలి. బెల్టు లేదు కాబట్టి పంపు తిరగదు, నీళ్ళు నిశ్చలంగా ఉంటాయి. గూట్లోకి టార్చి వేసి చూడండి. మొదట ఒకటి రెండు బుడగలు వస్తే అవి ఇరుక్కున్న గాలి. వరసగా, ఇంజిన్ రేజ్ చేసిన కొద్దీ ఎక్కువగా, సోడా కొట్టినట్టు బుడగలు వస్తుంటే గాస్కెట్టో హెడ్డో పోయినట్టే. ఒక్క నిమిషం చాలు, అంతకు మించి నడపవద్దు.

మూడోది ప్లగ్గులు. నాలుగూ విప్పి, రేడియేటర్ వైపు నుంచి వరసగా ఒక తెల్ల కాగితం మీద పెట్టించండి. బాగున్న ప్లగ్గు కొస లేత గోధుమ రంగులో ఉంటుంది. నీళ్ళు దిగుతున్న సిలిండర్ ప్లగ్గు మాత్రం ఆవిరితో కడిగినట్టు తెల్లగా మెరుస్తుంది. నాలుగిట్లో ఒక్కటే అలా ఉంటే అనుమానం ఆ సిలిండర్ మీదే. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి దొరికితే అదీ పెట్టించండి. ఈ ఇంజిన్‌లో రెండు, మూడు సిలిండర్ల పొగ మధ్యలో ఒకే దారిన బయటికి వస్తుంది కాబట్టి హెడ్‌లో అన్నిటికన్నా వేడెక్కే చోటు అదే. గాస్కెట్ కాలిందంటే తరచుగా ఆ రెండిటి నడుమే. అప్పుడు రెండూ మూడూ పక్కపక్కనే తక్కువ చూపిస్తాయి, ఒకటీ నాలుగూ బాగుంటాయి.

ఈ పరీక్షలన్నీ గాస్కెట్ బాగుందని చెబితే ఘాటీ వేడికి కారణం వేరే వెతకాలి. మీరు ఒక మంచి వివరం రాశారు. వేడెక్కేది తిరిగొచ్చేటప్పుడే అని. సాలూరు కింద ఉంది, పొట్టంగి పైన ఉంది. వెళ్ళేటప్పుడు దిగుడు కాబట్టి ఇంజిన్‌కి పని లేదు. వచ్చేటప్పుడు సెకండ్ గేరులో, ముందు లారీ పాకుతుంటే దాని వెనక, యాక్సిలరేటర్ నొక్కి ఉంచి ఎక్కాలి. ఇంజిన్ గరిష్ఠంగా వేడి పుట్టిస్తుంది, రేడియేటర్‌కి ఎదురు గాలి తగలదు, దిక్కు ఫ్యాన్ ఒక్కటే. అంటే మామూలు రోడ్డు మీద సరిపోతున్న కూలింగ్ ఘాటీలో చాలడం లేదు. ఇది మూసుకుపోయిన రేడియేటర్ లక్షణం. గాస్కెట్ పోయిన బండి చాలామటుకు మీ బడి దారిలో కూడా ఏడిపించేది.

ఇలాంటి బండి ఒకటి నా చేతిలో పడింది, చాలా ఏళ్ళ కిందట. పార్వతీపురం లైన్లో తిరిగే టాక్సీ. ఘాటీలో వేడి, పొద్దున తెల్ల పొగ, అచ్చం మీరు రాసినట్టే. నేను ఒక్క పరీక్ష కూడా చేయకుండా హెడ్ విప్పాను. విప్పేటప్పుడు తుప్పు పట్టిన స్టడ్డు ఒకటి బ్లాకులోనే విరిగింది. దాన్ని డ్రిల్లు కొట్టించి తీయించడానికి రెండు రోజులు పట్టింది. పాత గాస్కెట్ చేతిలో పట్టుకుని చూస్తే ఎక్కడా కాలిన మచ్చ లేదు. కొత్తది వేసి పంపాను, వారం తిరక్కుండా అదే ఘాటీలో అదే చోట మరిగింది. అప్పుడు ఇంజిన్ నడుస్తుండగా కింద కూర్చుని, వేరొకరి చేత యాక్సిలరేటర్ తొక్కించి చూశాను. రేడియేటర్ కింది హోస్ లోపలికి పీల్చుకుని అప్పడంలా అతుక్కుపోయింది. రేజ్ తగ్గించగానే మళ్ళీ మామూలుగా గుండ్రంగా వచ్చేసింది. ఆ హోస్ పంపు పీల్చే వైపుది. రబ్బరు మెత్తబడితే గట్టిగా తిప్పినప్పుడు అది మూసుకుపోతుంది, నీళ్ళు తిరగవు. ఆగి ఉన్న బండిలో చూస్తే ఎన్నటికీ కనబడదు. ఆ డ్రైవరు వారం సంపాదన నా తొందరపాటు వల్ల పోయింది. ఆ రోజు నుంచీ పరీక్ష చేయకుండా హెడ్ బోల్టు మీద స్పానర్ పెట్టలేదు. మీరు కూడా ముందు ఆ కింది హోస్‌ని అలాగే తొక్కించి చూడండి. మెత్తగా ఉంటే మార్చేయండి, చిన్న ఖర్చే.

తరువాత రేడియేటర్ ముఖం. మన వైపు నవంబరు, డిసెంబరు నెలల్లో ధాన్యం, చోళ్ళు రోడ్డు మీదే పరిచి బళ్ళతో తొక్కించుకుంటారు. ఆ ఊక, పొట్టు అంతా ఎగిరి రేడియేటర్ రెక్కల సందుల్లోకి దూరుతుంది. ముందు నుంచి చూస్తే బాగానే ఉన్నట్టు ఉంటుంది. ఇంజిన్ వైపు నుంచి ముందుకి నీళ్ళ పైపు కొట్టించండి. నేల మీద రాలే పొట్టు చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఎక్కువ ఒత్తిడితో కొట్టవద్దు, రెక్కలు వంగిపోతాయి. గ్రిల్ మీద అదనంగా పెట్టించిన లైట్లు, దసరా నాటి దండలు ఉంటే తీసేయండి.

బయట శుభ్రమైతే లోపల చూడాలి. నలభై ఏళ్ళు బావి నీళ్ళు, బోరు నీళ్ళు తాగిన ఇనప ఇంజిన్ అది. బ్లాకు పక్కన నీళ్ళు వదిలే చిన్న కుళాయి ఒకటి ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు తిప్పి చూడమనండి. తిప్పినా ఒక్క చుక్క రాకపోతే, అదే మీ జబ్బు. కుళాయి పూర్తిగా విప్పి రంధ్రంలోకి గట్టి తీగ పెట్టి పొడిస్తే ముందు తడి మట్టి ముద్దలా వస్తుంది, అచ్చం మన కోరాపుట్ ఎర్రమట్టి రంగులో, తరువాత చుర్రుమని నీళ్ళు చిమ్ముతాయి. అదంతా తుప్పు. బరువుకి దిగి సిలిండర్ల చుట్టూ అడుగున పేరుకుంటుంది. నీళ్ళు తెల్లగా వచ్చేదాకా పైనుంచి పైపు పెట్టి కడిగించండి. రేడియేటర్ వేరుగా దించి కింది నుంచి పైకి, మామూలుగా నీళ్ళు పారే దారికి ఎదురుగా కడగాలి. ఇంజిన్ వేడిగా ఉండి ఆపేసి ఉన్నప్పుడు రేడియేటర్ ముఖం మీద అరచేయి ఆనీ ఆనకుండా తిప్పితే, చల్లగా తగిలిన చోట గొట్టాలు పూడిపోయాయని అర్థం. అలాంటివి కడిగితే పోవు. పై తొట్టి ఊడదీసి ఒక్కో గొట్టంలో సన్నటి పట్టీ దూర్చి రాడ్డింగ్ చేయించాలి, మళ్ళీ సోల్డర్ వేయాలి. సాలూరు లారీల ఊరు కాబట్టి అక్కడ రేడియేటర్ పని తెలిసినవాళ్ళకి కొదవ లేదు. మీదిలాంటి రాగి, ఇత్తడి రేడియేటర్‌ని బాగుచేసుకోవచ్చు, పారేయక్కర్లేదు. అల్యూమినియంది అంటగడితే తీసుకోకండి.

మిగతావి గబగబా చెబుతాను. ఫ్యాన్ బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి, అంతకన్నా వదులైతే ఎక్కుడులో జారుతుంది. ఇగ్నిషన్ టైమింగ్, అంటే ప్లగ్గు నిప్పురవ్వ కొట్టే సమయం, వెనకబడి ఉంటే పెట్రోలు ఆలస్యంగా మండి వేడంతా హెడ్‌లోకి పోతుంది, బండి ఎక్కుడులో గుంజదు కూడా. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు అరిగితే టైమింగ్ దానంతటదే వెనక్కి జరుగుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత జెట్ (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం) సైజుతో కార్బురేటర్ ఉంటే మిశ్రమం పలచబడుతుంది, అదీ వేడి పెంచుతుంది. ట్యూనింగ్ తెలిసినవాళ్ళకి చూపించండి. మీటరు అబద్ధం చెబుతోందని అనుమానం ఉంటే ఏసీ మెకానిక్‌ల దగ్గర ఉండే వేడి కొలిచే గన్ తెప్పించి థర్మోస్టాట్ గిన్నె మీద పెట్టి చూడండి. కోవిడ్ కాలంలో కొన్న నుదుటి థర్మామీటరు దీనికి పనికిరాదు, అది ఒంటి వేడి దాకానే చదువుతుంది.

రేడియేటర్ మూత గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. నీళ్ళు వంద డిగ్రీలకు మరుగుతాయని మీరు పిల్లలకు చెబుతారు. సముద్ర మట్టం నుంచి తొమ్మిది వందల మీటర్ల పైన అవి తొంభై ఏడు దగ్గరే మరిగిపోతాయి. ఘాటీ పైకొచ్చేసరికి మీ ఇంజిన్‌కి ఆ మూడు డిగ్రీలు తగ్గిపోయాయి. మూతలో ఉన్న స్ప్రింగు నీళ్ళని ఒత్తిడిలో పట్టి ఉంచుతుంది. ప్రతి పౌండు ఒత్తిడికి మరిగే స్థానం ఒకటిన్నర డిగ్రీకి పైగా పెరుగుతుంది. ఏడు పౌండ్ల మూత సరిగ్గా పట్టితే పది డిగ్రీల పైనే ఊరట. స్ప్రింగు సడలినా, కింది రబ్బరు గట్టిబడి పగిలినా ఆ ఊరటంతా పోతుంది, మరగకుండా నిలబడాల్సిన నీళ్ళు గొట్టం దారిన బయటికి పోతాయి. ముందు దాన్నే మార్చి చూడండి. పాత మూత మీద చెక్కిన అంకె ఏదో అదే అంకె ఉన్నది తెండి. ఎక్కువ పౌండ్లది పెడితే పాత రేడియేటర్ అతుకులు ఊడతాయి.

థర్మోస్టాట్ తీసేయమన్నాయన మాట వినకండి. మైదానంలో మే నెలలో తిరిగే లారీ వాళ్ళ అలవాటు అది. మీ ఊరి చలికి అది లేకపోతే ఇంజిన్ నాలుగు కిలోమీటర్లలో అసలు వేడెక్కదు. సైలెన్సర్ నీళ్ళూ పెరుగుతాయి, ఆయిల్ మూత కింద మీగడా పెరుగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. అది పని చేస్తోందో లేదో ఇంట్లో చూడొచ్చు. దారం కట్టి గిన్నెలో నీళ్ళలో వేలాడదీసి స్టవ్ మీద పెట్టండి, అడుగు తగలకూడదు. గిన్నె అంచున చిన్న బుడగలు మొదలై నీళ్ళు మరగబోయే ముందు దాని బిళ్ళ మెల్లగా పైకి లేవాలి. నీళ్ళు తెర్లుతున్నా లేవకపోతే కొత్తది వేయించండి. దాని అంచు మీద ఎన్ని డిగ్రీలకు తెరుచుకోవాలో చెక్కి ఉంటుంది.

ఒకవేళ బుడగల పరీక్షలో గాస్కెట్ పోయినట్టే తేలితే? అప్పుడు హెడ్ ఒక్కటే విప్పించండి. దానికి ఇంజిన్ దించక్కర్లేదు, బండిలో ఉండగానే హెడ్ వస్తుంది. గాస్కెట్‌కీ బోరింగ్‌కీ, అంటే అరిగిన సిలిండర్లని కోసి వెడల్పు చేయడానికీ, సంబంధం లేదు. నీలం పొగ వచ్చి, ఆయిల్ తాగుతుంటే, కంప్రెషన్ నాలుగిట్లోనూ పడిపోయి ఉంటే బోరింగ్ మాట. మీరు అవేవీ రాయలేదు. విప్పిన హెడ్‌ని లేత్ షాపులో సరిసమానంగా ఉందో లేదో స్కేలు పెట్టి చూపించి, వంగి ఉంటేనే చెక్కించి చదును చేయించండి, దాన్నే ఫేసింగ్ అంటారు. పాత గాస్కెట్ పారేయనివ్వకండి. కాలిన చోటు మీ కళ్ళతో చూడండి. బోల్టులు బిగించేది టార్క్ రెంచితో, మధ్య నుంచి అంచులకి, రెండు మూడు విడతలుగా. ఇవి మీరు ముందే అడిగితే మెకానిక్ కూడా జాగ్రత్తగా చేస్తాడు.

ఈలోగా సాలూరు వెళ్ళక తప్పకపోతే, ఎక్కుడులో ముల్లు ముప్పావు దాటగానే లారీ వెనక పోటీ పడకుండా పక్కకి తీసి ఆపండి. వెంటనే ఆఫ్ చేయకండి. న్యూట్రల్‌లో కొంచెం రేజ్ ఇచ్చి ఒకటి రెండు నిమిషాలు ఫ్యాన్ తిరగనివ్వండి, ముల్లు దిగుతుంది. దిగకపోతేనో, ఆవిరి వస్తుంటేనో ఆఫ్ చేసి బోనెట్ ఎత్తి అరగంట వదిలేయండి. వేడిగా ఉన్న మూత ఎట్టి పరిస్థితుల్లోనూ తిప్పవద్దు, గుడ్డ వేసి కూడా తిప్పవద్దు. మొహం కాలిన డ్రైవర్లని చూశాను. ఊట నీళ్ళు దగ్గర్లో ఉన్నాయి కదా అని తెచ్చి వేడి ఇంజిన్‌లో పోస్తే హెడ్ పగులుతుంది. చల్లారాక, ఇంజిన్ నడుస్తుండగా, కొద్దికొద్దిగా పోయండి.

అంతా కడిగించాక ఇక బోరు నీళ్ళు పోయకండి. బ్యాటరీకి వాడే డిస్టిల్డ్ వాటర్‌లో మూడో వంతు కూలెంట్ కలిపి పోయించండి. మనకి నీళ్ళు గడ్డకడతాయని కాదు, తుప్పు పట్టకుండా ఉండడానికి. ఒకటి ముందే చెబుతున్నాను. తుప్పు పోయాక అది మూసి ఉంచిన పాత చిల్లులు బయటపడి కొత్తగా కారడం మొదలవ్వచ్చు. కడిగినందుకు చెడిపోయిందని అనుకోకండి, అవి ఎప్పుడో ఒకప్పుడు బయటపడేవే. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. కింద కారితే వెంటనే నీళ్ళు కొట్టి కడిగేయండి, వీధి కుక్కలూ దూడలూ నాకకుండా.

తమ్ముడికి తుక్కు మాట ఇప్పట్లో ఎత్తవద్దని చెప్పండి. రేపు పొద్దున చీపురు పుల్లతో మొదలుపెట్టండి. ఎనిమిది రోజుల నోటు పుస్తకం పేజీ, కాగితం మీద వరసగా పెట్టిన నాలుగు ప్లగ్గుల ఫొటో, కింది హోస్ సంగతి, ఈ మూడూ పంపండి. ప్లగ్గుల మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు అని రాయడం మరచిపోకండి.